గల్ఫ్‌లో ఉన్న మీవాళ్ల కోసం ఈ ఉత్తరం

ప్రియమైన పాఠక మిత్రులకు,

ఈమధ్య మీ దగ్గర్నుంచి వచ్చిన జాబుల్లో గల్ఫ్ మాట మళ్లీ మళ్లీ కనిపిస్తోంది. జగిత్యాల వైపు నుంచి ఒక తల్లి రాయించి పంపారు. కొడుకు సౌదీలో ఉన్నాడట, పాస్‌పోర్టు కఫీల్ (పనిలో పెట్టుకున్న యజమాని) దగ్గర ఉందట, పండగకి వస్తానని రాలేదట. "ఎంబసీని అడుగుమంటున్నరు. ఎంబసీ అంటే ఏడుంటది? మాసొంటోళ్ల మాట వాళ్లింటరా?" అని అడిగారు. కడప జిల్లా నుంచి ఒక తమ్ముడు, కువైట్‌లో ఇంటిపనికి వెళ్లిన అక్క గురించి ఇంచుమించు ఇదే ప్రశ్న వేశారు. ఇద్దరికీ విడిగా జవాబులు రాశాను. ఇదే ప్రశ్న ఇంకా ఎన్ని ఇళ్లలో నలుగుతోందో కదా! అందుకే ఈసారి ఉత్తరమంతా దానికే కేటాయిస్తున్నాను.

ఎంబసీ అనగానే మనకి టీవీలో చూసిన పెద్ద గేటు, పైన ఎగిరే జెండా, మంత్రుల పర్యటనలు, కరచాలనాలు కళ్ల ముందు మెదులుతాయి. అవీ దాని పనులే. కానీ జగిత్యాల నుంచి వెళ్లిన మేస్త్రీకి, రాయచోటి నుంచి వెళ్లిన డ్రైవరుకి ఎంబసీతో పడే పని వేరు. పాస్‌పోర్టు గడువు, బిడ్డ పుట్టుక నమోదు, పొలం కాగితం మీద సంతకానికి అటెస్టేషన్, ఒక్కోసారి మరణ నమోదు. పరదేశంలో ఉన్న మనిషిని పుట్టిన ఊరితో కలిపి ఉంచేవి పండగల కన్నా ముందు ఈ కాగితాలేనని నా గట్టి నమ్మకం. అవి సక్రమంగా ఉంటే ఎంత మారుమూల ఎడారిలో ఉన్నా ఆ మనిషి మన లెక్కలో ఉంటాడు. అవి చేజారితే ఉన్న ఊళ్లోనే కనిపించకుండా పోతాడు.

ముందు ఆ తల్లి మొదటి ప్రశ్న. సౌదీలో మన ఎంబసీ రియాద్‌లో ఉంది, జెడ్డాలో కాన్సులేట్ ఉంది. ఎమిరేట్స్‌లో అబూధాబీలో ఎంబసీ, దుబాయ్‌లో కాన్సులేట్. కువైట్, మస్కట్, దోహా, మనామాల్లో ఒక్కో ఎంబసీ. రాయబారి ముఖ్యంగా అక్కడి ప్రభుత్వంతో వ్యవహరిస్తారు. మన కార్మికుడికి కావలసింది లోపల ఉండే కాన్సులర్ విభాగం, కార్మిక సంక్షేమ విభాగం. దూరంగా ఉన్నవాళ్ల కోసం అధికారులే అప్పుడప్పుడు బయలుదేరి వెళ్తారు. రియాద్ ఎంబసీ దమ్మామ్, జుబైల్, హాయిల్, బురైదా వంటి ఊళ్లలో కాన్సులర్ క్యాంపులు పెడుతుంది. మస్కట్ ఎంబసీ వాళ్లు సలాలా దాకా వెళ్తారు. రెండో ప్రశ్నకి, అంటే మాట వింటారా అన్నదానికి, జవాబు చెప్పాలంటే కొంచెం వివరంగా మాట్లాడుకోవాలి.

పరాయి గడ్డ మీద తన పౌరుణ్ణి చూసుకోవడం అనేది ఏ అధికారి దయాదాక్షిణ్యాల మీదో నడిచే వ్యవహారం కాదు. 1963లో వియన్నాలో కుదిరిన కాన్సులర్ సంబంధాల ఒప్పందం ఉంది. దాని ప్రకారం అరెస్టయిన విదేశీయుడు కోరితే ఆ సంగతి అతని దేశపు కాన్సులేట్‌కి ఆలస్యం లేకుండా తెలపాలి. అధికారులు జైలుకి వెళ్లి కలవవచ్చు, లాయర్ని ఏర్పాటు చేయవచ్చు. మనకైతే ఈ ఆలోచన స్వాతంత్ర్యానికి ముందునుంచే ఉంది. విశాఖ, గోదావరి ప్రాంతాల నుంచి మన కూలీలు మలయా తోటలకి ఓడలెక్కిన కాలంలో, 1922 వలస చట్టం కింద మలయాలోనూ సిలోన్‌లోనూ భారత ప్రభుత్వ ఏజెంట్లను నియమించారు. తోటల్లో కూలీల బాగోగులు చూసి నివేదికలు పంపడం వాళ్ల పని. ఇవాళ లేబర్ క్యాంపుకి వెళ్లి భోజనం, పడక ఎలా ఉన్నాయో చూసే ఎంబసీ ఉద్యోగి ఆ పరంపరలోని మనిషే.

ఇక పాస్‌పోర్టు సంగతి. దీని గురించి ప్రతి ఇంట్లోనూ తెలియాల్సిన విషయం ఒకటుంది. 1967 పాస్‌పోర్టుల చట్టం ప్రకారం పాస్‌పోర్టు ఎప్పటికీ కేంద్ర ప్రభుత్వ ఆస్తి. దాన్ని దగ్గర పెట్టుకునే హక్కు కఫీల్‌కీ లేదు, కంపెనీకీ లేదు, ఏజెంటుకీ లేదు. అయినా తీసుకుంటారు. జీతం ఇవ్వకుండా ఆపుతారు. తట్టుకోలేక మనవాడు బయటపడితే సౌదీలో హురూబ్ పెడతారు, అంటే పారిపోయాడని కేసు రాయిస్తారు. అక్కడితో అకామా, అంటే అక్కడ ఉండే అనుమతి, పోతుంది; ఖల్లివెల్లి (కాగితాల్లేనివాడు) అవుతాడు. తర్వాత దొరికిన చోట దొంగచాటు పని, పోలీసు కనపడితే గుండె దడ, జ్వరం వచ్చినా ఆసుపత్రి గడప తొక్కలేని బతుకు. ఏళ్లకేళ్లు ఇలా గడిపి, చివరికి ఇంటికి పోదామన్నా చేతిలో ఏమీ లేని స్థితికి వస్తాడు.

అలాంటివాడికి ఎంబసీ ఇచ్చేది ఎమర్జెన్సీ సర్టిఫికెట్. మనవాళ్లు ఔట్‌పాస్ అంటారు. ఒక్కసారి, ఒకే దిక్కుకి, భారతదేశానికి మాత్రమే చెల్లుతుంది. అది ఇవ్వాలంటే ఈ మనిషి భారతీయుడేనని తేలాలి. పాత పాస్‌పోర్టు జిరాక్స్ ఉంటే పని తొందరగా అవుతుంది. లేకపోతే వివరాలు ఇక్కడికి వస్తాయి, స్థానిక పోలీసులు ఊరికి వెళ్లి విచారిస్తారు. రియాద్‌లో ఒక బల్ల దగ్గర మొదలైన ఆ విచారణ మన ఊరి రచ్చబండ దాకా నడిచి వచ్చి, "ఈయన మీవాడేనా?" అని తల్లిని అడిగి, మళ్లీ అంత దూరం వెనక్కి వెళ్లాలి. ఇంట్లో ఒక్క జిరాక్స్ కాగితం ఉంటే తప్పే ఆలస్యం ఇది. ఔట్‌పాస్ వచ్చినంత మాత్రాన విమానం ఎక్కనివ్వరని కూడా తెలుసుకోవాలి. వీసా గడువు మీరిన జరిమానాలు, హురూబ్, ఏవైనా కేసులు తేలి, అక్కడి ప్రభుత్వం ఎగ్జిట్ ఇవ్వాలి. ఆ ముద్ర వేసే అధికారం మన ఎంబసీకి లేదు.

అందుకే అక్కడి ప్రభుత్వాలు క్షమాభిక్ష ప్రకటించిన రోజులు మనవాళ్లకి అంత విలువైనవి. కువైట్‌లో 2018లోనూ 2020లోనూ వచ్చింది. ఎమిరేట్స్‌లో 2024 సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా ఇచ్చారు. జరిమానా లేకుండా ఇంటికి పోవచ్చు. అలాంటప్పుడు ఎంబసీల ముందు బారులు తీరిన జనంలో దరఖాస్తు నింపలేనివాళ్లు ఎందరో ఉంటారు. వాళ్ల పక్కన కూర్చుని తెలుగులో అడిగి, ఇంగ్లీషులో రాసి, వరసలో నిలబెట్టి, మంచినీళ్లిచ్చే మన స్వచ్ఛంద కార్యకర్తల గురించి పత్రికల్లో రాసేవాళ్లు తక్కువ. వాళ్లూ అక్కడ డ్రైవర్లు, గుమస్తాలు, చిన్న దుకాణాల వాళ్లే. సెలవు రోజు శుక్రవారాన్ని దీనికి ఇచ్చేస్తారు. ఎంబసీకీ మన మనిషికీ మధ్య మొదటి మెట్టు వాళ్లు. వాళ్లకి నా చేతులెత్తి నమస్కారం.

కువైట్‌లో ఉన్న అక్క గురించి అడిగిన తమ్ముడికి ఇంకో సంగతి చెప్పాలి. ఖద్దామాగా, అంటే ఇంటిపనిమనిషిగా, వెళ్లిన ఆడవాళ్ల కష్టం మగవాళ్ల కష్టం లాంటిది కాదు. కంపెనీ కార్మికుడికి క్యాంపులో పదిమంది తోడుంటారు. ఇంటిపనికి వెళ్లినామె ఆ నాలుగు గోడల మధ్య ఒంటరి, ఫోన్ లాక్కుంటే లోకమే లేదు. కొట్టినా, తిండి పెట్టకపోయినా, రాత్రింబవళ్లు పని చేయించినా చెప్పుకోవడానికి ఎవరూ ఉండరు. అందుకే కువైట్ ఎంబసీ ఇంటిపని మహిళలకి ఆశ్రయ గృహం నడుపుతోంది. ఎలాగోలా ఎంబసీ దాకా చేరగలిగితే అక్కడ ఉంచుకుని, యజమానితో మాట్లాడి, కాగితాలు తేల్చి పంపిస్తారు. చేరడమే కష్టం. అదే కారణంతో మన ప్రభుత్వం బయలుదేరేటప్పుడే కొన్ని కట్టుబాట్లు పెట్టింది. పదో తరగతి పాస్ కాని ఆడవాళ్లు ఉద్యోగానికి గల్ఫ్ వెళ్లాలంటే 30 ఏళ్లు నిండాలి. ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్లాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఆ సంస్థ ఓంక్యాప్, తెలంగాణలో టామ్‌కామ్. ఈ కట్టుబాట్లు తప్పించుకోవడానికే ఏజెంట్లు విజిట్ వీసా చేతిలో పెడతారు. ఆ ఒక్క కాగితంతో ఆమె ఎంబసీ లెక్కలో నుంచి మొదటి రోజే తప్పిపోతుంది.

ఇక్కడ కొంచెం ఆగి చెప్పనివ్వండి, ఎందుకంటే అసలు కీలకం ఇదే. పదో తరగతి పాస్ కానివాళ్ల పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అని ఉంటుంది. వాళ్లు గల్ఫ్ దేశాలతో సహా 18 దేశాలకి పనికి వెళ్లాలంటే ఎమిగ్రేషన్ అనుమతి తీసుకోవాలి. ఆ అనుమతి ఇచ్చే అధికారి కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. ప్రభుత్వపు ఈమైగ్రేట్ ఆన్‌లైన్ పద్ధతిలో వెళ్తే కంపెనీ పేరు, జీతం, పని, ఒప్పందం అన్నీ నమోదవుతాయి. రేపు జీతం ఎగ్గొడితే ఎంబసీ వాళ్లు తీసి చూపడానికి కాగితం ఉంటుంది. దానితోపాటు ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్లకి 275 రూపాయలు, మూడేళ్లకి 375. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా అవిటివాడైనా 10 లక్షలు వస్తాయి. లైసెన్సున్న ఏజెంటు తీసుకోదగిన రుసుము 30 వేలు, పైన జీఎస్టీ. మన ఊళ్లలో ఎంత వసూలు చేస్తున్నారో మీకు నేను చెప్పనక్కర్లేదు. లక్షలు అప్పు చేసి విజిట్ వీసా మీద వెళ్లిన పిల్లవాడికి ఇవేవీ ఉండవు.

రాయడానికి చేయి రాని విషయం ఒకటుంది. అయినా రాయాలి. గల్ఫ్‌లో మనిషి పోతే, ఆ దేహం శంషాబాద్ చేరడానికి ఎన్ని కాగితాలు నడవాలో ఆ ఇంటివాళ్లకే తెలుసు. ఆసుపత్రి రిపోర్టు, పోలీసుల కాగితం, అక్కడి మరణ ధ్రువపత్రం, ఇంటివాళ్ల సమ్మతి పత్రం. ఎంబసీలో మరణం నమోదు చేసి, పాస్‌పోర్టు రద్దు చేసి, ఎన్వోసీ ఇస్తారు. దేహం పాడవకుండా మందు పెట్టించి, కార్గోలో పంపుతారు. ఖర్చు మామూలుగా యజమాని భరించాలి. భరించకపోతే, భరించేవాడే లేకపోతే, ఎంబసీ సంక్షేమ నిధి నుంచి ఇస్తుంది. సహజ మరణమైతే రోజుల్లో అవుతుంది. ప్రమాదమో, ఆత్మహత్యో, మరో అనుమానమో ఉంటే వారాలు, నెలలు పడుతుంది. అన్నాళ్లూ ఆ ఇంట్లో పొయ్యి సరిగ్గా వెలగదు. అలాంటప్పుడు ఎంబసీలో ఫోన్ ఎత్తి "అమ్మా, ఇవాళ ఫలానా కాగితం అయింది, రేపు ఫలానా పని చూస్తాం" అని చెప్పే ఒక గొంతు ఉంటే, ఆ ఇల్లు ఎంత నిలదొక్కుకుంటుందో! అక్కడి అధికారులు ఎప్పుడైనా ఈ ఉత్తరం చూస్తే నా విన్నపం అదొక్కటే. కాగితం ఆలస్యమైనా సరే, కబురు ఆలస్యం చేయకండి.

2024 జూన్ 12 తెల్లవారుజామున కువైట్‌లోని మంగాఫ్‌లో కార్మికులుండే భవనం కాలిపోయింది. 45 మంది భారతీయులు చనిపోయారు. ఎక్కువమంది కేరళవాళ్లు, మన ఆంధ్రప్రదేశ్‌వాళ్లు ముగ్గురు. గుర్తుపట్టలేని స్థితిలో డీఎన్ఏ పరీక్షలు చేయాల్సి వచ్చింది. ఎంబసీ హెల్ప్‌లైన్ తెరిచింది, రాయబారి ఆసుపత్రులకి తిరిగారు, కేంద్ర మంత్రి వెళ్లారు. రెండో రోజుకల్లా, అంటే 14వ తేదీన, వాయుసేన విమానం ఆ దేహాలతో కొచ్చిలో దిగింది. పూనుకుంటే ఎంత వేగంగా చేయగలరో ఆ రెండు రోజుల్లో తేలింది. ఒంటరిగా పోయిన ఒక్క కూలీ విషయంలో కూడా అదే వేగం ఉండాలని అడగడం అత్యాశ కాదు. గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకి తెలంగాణ ప్రభుత్వం 5 లక్షల సాయం ఇస్తోంది. దరఖాస్తుకి మరణం నమోదు కాగితాలు కావాలి. ఆంధ్రప్రదేశ్‌లో ప్రవాసాంధ్ర భరోసా బీమా ఉంది, ముందుగా చేరి ఉండాలి.

సంక్షేమ నిధి అన్నాను కదా. 2009లో పెట్టిన నిధి అది. ప్రతి పాస్‌పోర్టు, ప్రతి అటెస్టేషన్ రుసుముతో పాటు ప్రవాసుల దగ్గర తీసుకునే కొద్దిపాటి మొత్తంతో అది నిండుతుంది. టికెట్టు లేనివాడికి టికెట్టు, ఆశ్రయం లేనివాళ్లకి తిండి, వసతి, అత్యవసర వైద్యం, న్యాయ సహాయం దానిలోంచే. కాబట్టి అడగడానికి మొహమాటపడకండి. అది మీ తోటివాళ్లు మీకోసం దాచిన డబ్బు.

చావు మాటలే కాదు, పుట్టుక మాటా చెప్పాలి. అక్కడ బిడ్డ పుడితే, తల్లిదండ్రులు భారతీయులైనంత మాత్రాన ఆ బిడ్డ దానంతటదే భారత పౌరుడు కాడు. 2004 డిసెంబరు 3 తర్వాత విదేశంలో పుట్టిన పిల్లల్ని ఏడాది లోపు ఎంబసీలో నమోదు చేయించాలి. గడువు దాటితే కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి, అదో పెద్ద తతంగం. బారసాల కన్నా ముందు ఈ పని పెట్టుకోమని కొత్త అమ్మానాన్నలకి చెప్పండి. పొలం పంపకానికి, ఇల్లు అమ్మకానికి అక్కడి నుంచి జీపీఏ (తమ తరఫున సంతకానికి అధికార పత్రం) పంపేవాళ్లకి ఒక హెచ్చరిక కూడా. ఎంబసీలో అటెస్ట్ చేయించడంతో అయిపోలేదు. ఆ కాగితం మన దేశం చేరిన మూడు నెలల లోపు ఇక్కడ స్టాంపు వేయించాలి. పింఛనుదారుల లైఫ్ సర్టిఫికెట్ కూడా ఎంబసీలో తీసుకోవచ్చు.

జెండా పండుగల గురించి నేను తేలిగ్గా మాట్లాడటం లేదు. ఆగస్టు 15 ఉదయం ఎంబసీ ఆవరణలో జెండా ఎగరేసి, రాష్ట్రపతి ప్రసంగాన్ని రాయబారి చదివి వినిపిస్తారు. అక్కడ పిల్లలతో నిలబడి జనగణమన పాడిన కుటుంబానికి ఆ పొద్దు సొంతూళ్లోనే గడిచినట్టుంటుంది. అయితే ఎనిమిదిమంది ఒక గదిలో ఉండే క్యాంపు కార్మికుడికి ఆ ఉదయం సెలవు దొరకదు. అతన్ని దేశంతో కలపాలంటే ఎంబసీ అతని దగ్గరికి వెళ్లాలి, అతని భాషలో పలకాలి. దుబాయ్‌లోని ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం ఫోన్‌లో తెలుగులోనూ జవాబిస్తుంది. ప్రతి గల్ఫ్ ఎంబసీలోనూ తెలుగు వచ్చినవాళ్లు ఉండి తీరాలన్నది నా అభిప్రాయం. మనవాళ్లు అక్కడ లక్షల్లో ఉన్నారు.

ఓటు మాట కూడా ఒకటి. ప్రవాసులు ఫారం 6ఏ నింపి ఓటరుగా చేరవచ్చు కానీ, ఓటు వేయడానికి స్వయంగా ఊరికి రావాలి. 2024 లోక్‌సభ ఎన్నికల్లో నమోదైన ప్రవాస ఓటర్లు 1.19 లక్షలు, వచ్చి ఓటేసినవాళ్లు మూడు వేలకి లోపే. ఎలక్ట్రానిక్ పోస్టల్ బ్యాలెట్ ఇవ్వవచ్చని ఎన్నికల సంఘం 2020లోనే ప్రతిపాదించింది. అది ఇంకా ఆచరణకి రాకపోవడం అన్యాయం. ఏటా ఇంటికి డబ్బు పంపే మనిషి చేతికి ఓటు అందకపోతే అతని కష్టం ఏ నాయకుడి చెవికెక్కుతుంది?

ఎంబసీ చేయలేనివీ తెలుసుకుంటే నిరాశ తగ్గుతుంది. అక్కడి కోర్టు తీర్పు మార్చలేదు, జైలు నుంచి విడిపించలేదు, అప్పులు తీర్చలేదు, వేరే ఉద్యోగం చూపించలేదు. అక్కడి చట్టం లోపల, మాట్లాడి, రాసి, వెంటపడి సాధించగలిగింది సాధిస్తుంది. పెద్ద ఆపద వస్తే మాత్రం ఎంబసీ బలం వేరు. 1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ని ఆక్రమించినప్పుడు అక్కడ లక్షా డెబ్భై వేలమంది మనవాళ్లు చిక్కుకున్నారు. వాళ్లని జోర్డాన్‌లోని అమ్మాన్‌కి చేర్చి, రెండు నెలలపాటు ఎయిరిండియా విమానాల్లో బొంబాయికి తెచ్చారు. ప్రయాణాలు 488. 2022 యుద్ధ సమయంలో ఉక్రెయిన్‌లో చదువుకుంటున్న మన తెలుగు పిల్లల్ని పోలండ్, హంగరీ, రుమేనియా, స్లొవేకియా సరిహద్దులు దాటించి తెచ్చినప్పుడూ అంతే. యుద్ధానికి నెల ముందే, జనవరిలో, కీవ్ ఎంబసీ అక్కడి భారతీయులందర్నీ ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోమంది. ఎవరు ఎక్కడున్నారో తెలిస్తేనే బస్సు ఎక్కడికి పంపాలో తెలుస్తుంది.

కాబట్టి ఆ తల్లికి రాసిందే మీ అందరికీ రాస్తున్నాను. ఎంబసీ మన మాట వింటుంది, మన చేతిలో చెప్పుకోవడానికి వివరం ఉంటే. విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఇక్కడ ఉన్న కుటుంబసభ్యులే ఫిర్యాదు నమోదు చేయవచ్చు. సర్వీసు సెంటర్‌కో, చదువుకున్న పిల్లల దగ్గరికో వెళ్తే చేసిపెడతారు. ఫిర్యాదు నంబరు రాసుకోండి, వారానికోసారి అడగండి, వదలకండి. వెళ్లబోయేవాళ్లు మీ ఇంట్లో ఉంటే, ఏజెంటు ఎంత తీపిగా మాట్లాడినా ఎమిగ్రేషన్ అనుమతి లేకుండా, విజిట్ వీసా మీద విమానం ఎక్కనివ్వకండి.

ఇప్పటికే వెళ్లినవాళ్లుంటే ఇవాళే ఫోన్ చేయండి. పాస్‌పోర్టు మొదటి పేజీ, ఆఖరి పేజీ, వీసా, అకామా ఫోటోలు తీసి పంపమనండి. కంపెనీ పేరు, కఫీల్ ఫోన్ నంబరు, ఉండే క్యాంపు ఒక కాగితం మీద రాసి, ఆ ఫోటోల జిరాక్సులతో కలిపి బీరువాలో భద్రపరచండి.

ఉంటాను,
మీ ఉత్తరాల కోసం ఎదురుచూసే
మీ మిత్రుడు